సవరణ: స్పీకర్ గ్రిల్ తీస్తే మారేదేమిటి?

"గ్రిల్ తీసేస్తే ఏ స్పీకరైనా బాగా పలుకుతుంది, బేస్ కూడా పెరుగుతుంది" అని మొన్నటి పోస్టులో ఉంది (గ్రిల్ అంటే స్పీకర్ ముందుండే, చట్రానికి బిగించిన గుడ్డ మూత). బేస్ మాట తీసేశాను. మిగతాదీ అన్ని స్పీకర్లకూ వర్తించదు.

పల్చటి గుడ్డ శబ్దాన్ని పెద్దగా ఆపదు. తేడా తెచ్చేది ఎక్కువగా దాని చట్రమే. 10,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 3.4 సెంటీమీటర్లే, అందుకే ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకర్) పక్కనున్న చట్రం అంచుకి తగిలి చెదురుతుంది. చిడతల గలగలలో, వయొలిన్ పైస్వరాల్లో గమనించండి. 100 హెర్ట్జ్ బేస్ తరంగం 3.4 మీటర్లు, దానికి ఈ చట్రం ఒక లెక్కే కాదు.

కొన్ని స్పీకర్లను గ్రిల్‌తో వినేలాగే ట్యూన్ చేస్తారు, ముందు మాన్యువల్ చూడండి. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం పాట అయిపోగానే గ్రిల్ పెట్టేయండి, దయచేసి. ట్వీటర్ డోమ్, అంటే దాని ముందున్న గుండ్రటి బుడిపె, చిన్న వేలు నొక్కినా సొట్టపోతుంది.