పూయగానే పోవడం ఏం మర్యాద?

కిత్తనార మొక్క మీద నాకు పగ లేదు. కనిగిరి, పొదిలి వైపు మెట్ట చేల గట్ల మీద, చుక్క నీరు పోసేవాళ్లు లేకపోయినా, పిడికెడు ఎరువు వేసేవాళ్లు లేకపోయినా, ముళ్ల మట్టలు చాచి గొడ్డూగోదను అడ్డుకున్న దాని సేవను కాదనను. నా అభ్యంతరమంతా అది వెళ్లిపోయే తీరు మీదనే. పదేళ్లో, ఇరవయ్యేళ్లో, ఒక్కోచోట ముప్పయ్యేళ్లో కూడబెట్టుకుని, ఒకే ఒక్కసారి పూసి, ఆ వెంటనే ఎండి చచ్చిపోతుంది. ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. ఎవరూ అవిశ్వాస తీర్మానం పెట్టలేదు. తనంతట తానే!

గట్ల మీద ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు అంచున పసుపు చార ఉన్న రకాన్ని పెద్ద పెద్ద కుండీల్లో పెట్టి నెల్లూరు అపార్ట్‌మెంట్ల గేట్ల ముందుకు తెస్తున్నారు. వచ్చేపోయే పెద్దమనుషుల కళ్ల ఎదుట ఇలాంటి ప్రవర్తన ప్రదర్శనకు పెట్టవచ్చునా?

దాని లోపలి ఏర్పాటు తెలిస్తే దోషం ఎంత లోతైనదో అర్థమవుతుంది. కొత్త మట్టలన్నీ నడిమి మొవ్వులోంచి పుడతాయి. వేళ వచ్చినప్పుడు ఆ మొవ్వే పూకాడగా మారిపోతుంది. ఇక ఆకు పుట్టే చోటే మిగలదు. తిరిగి వచ్చే దారిని ముందే మూసుకుంటుందన్నమాట. ఏళ్ల తరబడి మట్టల్లో, బోదెలో దాచిన పిండిపదార్థాన్నీ నీటినీ ఆ కాడకే ధారపోస్తుంది. చూస్తుండగానే కాడ ఇరవై పాతికడుగులు లేస్తుంది. పైన గుత్తులు గుత్తులుగా పసుపు పూలు, కింద ఒక్కొక్కటిగా వాలిపోయే మట్టలు. ఈ వైభవమంతా సొంత డబ్బుతో! చందాల పుస్తకం అచ్చు వేయించలేదు, గుత్తేదారులను పిలిపించలేదు. ఇంత అనుభవం లేని మొక్క ముప్పయ్యేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో అంతుబట్టదు.

దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడి రైతులు లోకజ్ఞానం కలవాళ్లు. టెకీలా అనే మద్యం కాచే నీలి రకం కిత్తనారలో పూకాడ తల ఎత్తగానే నరికేస్తారు. అప్పుడు చక్కెర పూలకు ఖర్చు కాకుండా బోదెలోనే నిలుస్తుంది. ఆ తర్వాత మట్టలు చెక్కి, బోదెను ఉడికించి, పిండి, ఆ రసాన్ని పులియబెడతారు. ఎదగబోయే తలను ముందుగానే తీసేసి, మిగిలినదాని సారం పిండుకునే ఈ విద్యను మన పార్టీలు మెక్సికో నుంచి అరువు తెచ్చుకోలేదనీ, స్వయంకృషితోనే సాధించాయనీ సగర్వంగా మనవి చేస్తున్నాను.

మన సంప్రదాయం వేరు. ప్రభుత్వోద్యోగి విరమణ వయసును మన రాష్ట్రం 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచింది. శాసనసభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలని చెప్పిన రాజ్యాంగం, ఎన్నేళ్లకు మానుకోవాలో మాత్రం చెప్పలేదు. పెద్దలు ఆ మౌనాన్ని అంగీకారంగా స్వీకరించారు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు ఏటా ఎన్ని ఊళ్ల జనం వస్తారో తెలిసిందే. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అడిగి పుచ్చుకునేవాళ్లను చూశాను. పదవీ విరమణ రొట్టె కోసం నీళ్లలోకి దిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

అరటి కూడా ఒక్క గెల వేసి పోతుంది కదా, మన మొలగొలుకుల వరి వెన్ను పండగానే ఎండిపోతుంది కదా అని కొందరు నన్ను నిలదీశారు. నిజమే. అయితే అరటి గెల ఇచ్చి పోతోంది, గెలతో సహా పెళ్లి పందిట్లో నిలబడుతోంది. వరి అన్నం పెట్టి పోతోంది. ఈ కిత్తనార కేవలం పూసి పోతోంది. పనికొచ్చే నార ఉంది గదా అంటే, దానికి పూయవలసిన అవసరం ఏముంది?

ఇలా నీరు దాచుకునే మొక్కల్లో బుద్ధిమంతులు లేకపోలేదు. కలబందను చూడండి. దిష్టి తగలకుండా గుమ్మానికి తలకిందులుగా కట్టినా నెలల తరబడి ప్రాణం వదలదు. నేలలో ఉంటే ఏటా పూస్తుంది, మళ్లీ ఏడు మళ్లీ పూస్తుంది. నాగజెముడూ అంతే. పదవిలో ఉన్నవారు ఆదర్శంగా తీసుకోదగ్గవి ఇవి. కానరీ దీవుల ఏయోనియం అనే మొక్క ఇంకా లౌక్యం తెలిసింది. కొమ్మలున్న రకాల్లో పూసిన తల ఒక్కటే ఎండిపోతుంది, తక్కినవి యథావిధిగా కొనసాగుతాయి. ఒక మంత్రిని సాగనంపి ప్రభుత్వాన్ని నిలబెట్టుకోవడం ఎవరు ఎవరికి నేర్పారో తేలవలసి ఉంది. ఐరోపా కొండల సెంపర్‌వైవమ్ అనే మొక్కలోనూ పూసిన గుబురు పోతుంది. దాన్ని గురించి మనకు చింత అక్కర్లేదు, మన రోహిణి కార్తె దాన్ని పూతదాకా రానివ్వదు.

కిత్తనారను ఊళ్లోకి రానివ్వక తప్పదంటే, పూసిన తర్వాత కనీసం సలహాదారు హోదాలోనైనా కొనసాగేలా షరతు పెట్టాలి.

నేనెరిగిన ఒక అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులవారు ఈ విషయంలో నాతో పూర్తిగా ఏకీభవించారు. ఆ భవనం కట్టినప్పటి నుంచి ఆయనే అధ్యక్షులు. గేటు పక్కన కిత్తనార పూసినప్పుడు అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఆయన కూడా దిగారు. అది ఎండిపోయాక జరిగిన సమావేశంలో మాత్రం ఇది బాధ్యతారాహిత్యమని తీవ్రంగా ఖండించి, తన పదవీకాలాన్ని మరో విడత పొడిగింపజేసుకున్నారు.

ఎండిన మోడు చుట్టూ పిలకలు మిగిలాయి. తల్లి పూయడానికి ఏళ్ల ముందే అవి పుట్టి, దాని నీడలోనే ఎదగలేక ఎదుగుతూ కాచుకుని ఉంటాయి. అందులో ఒకదాన్ని అధ్యక్షులవారి కుమారుడు అడిగి పట్టుకెళ్లాడు. ఆ కుమారుడికీ యాభై దాటాయి. నాన్నగారు రోజూ కూర్చునే పడక కుర్చీకి ఎదురుగా, సరిగ్గా కళ్లకు కనబడేలా పెట్టాడట. త్వరగా పూయాలని రెండు పూటలా నీళ్లు పోస్తున్నాడట. నీళ్లెక్కువైతే దాని వేళ్లు కుళ్లిపోతాయని ఒక మాట చెప్పాలనే ఉంది గాని, పరాయివాళ్ల ఇంటి వ్యవహారంలో మనం తలదూర్చడం బాగుండదు.