ముందు మీ ఫ్లెక్సీతో మొదలుపెట్టండి

గోదావరికి వరదనీరు వస్తోందంటే చాలు, ఏటిగట్టు తెగిపోయిందంటూ ఏదో ఒక పాత వీడియో డెల్టా అంతా తిరిగేస్తుంది. ఊరి పేరుండదు, తేదీ ఉండదు. అందులో కనిపించే బస్సు బోర్డు ఏ భాషలో ఉందో కూడా ఎవరూ చూడరు. లంకల్లో వాళ్లు మాత్రం అర్ధరాత్రి పశువుల పలుపులు విప్పుకుని గట్టెక్కాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో బడి మొహం చూడని తాతలకి ఈ అంకెలు నోటికొచ్చు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూ, ఆ వీడియోని గ్రూపులో పెట్టే మనవడికి తెలియవు. అది వాడి తప్పు కాదు. చూసింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో వాడికి ఎవరు నేర్పారు గనక?

2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద చెలరేగిన అల్లర్ల గురించి మళ్లీ చెప్పక్కర్లేదు. అప్పుడు ప్రభుత్వానికి తోచిన మందు ఇంటర్నెట్ ఆపేయడం. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి పోవాల్సి వచ్చింది. కొన్నాళ్లకి నెట్ వచ్చింది. దాంతోపాటు రావాల్సిన పాఠం మాత్రం ఇప్పటికీ ఏ తరగతి గదికీ రాలేదు.

కాలేజీలకి తెలిసిన వైద్యం ఒక్కటే: ఫోన్ లాక్కోవడం. దొరికితే ఫైన్, రెండోసారైతే తండ్రికి కబురు. కాలవ పక్కన పుట్టిన పిల్లలకి ఈత నేర్పుతాం గానీ కాలవని పూడ్చం కదా! పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటు వేయాల్సిన వాళ్లు వీళ్లు. సెలవులకి ఇంటికెళ్లిన మర్నాడు బెట్టింగ్ యాప్‌ని పొగిడే రీల్ చూసేదీ వీళ్లే.

నిజానిజాలు తేల్చుకోవడం క్లాసులో నేర్పమంటే, సిలబస్‌కే టైమ్ చాలడం లేదని, ఇలాంటివి మొదలుపెడితే క్లాసులోకి రాజకీయాలు వస్తాయని లెక్చరర్లు అంటున్నారు. ఆ భయం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ అసలు ఇబ్బంది అది కాదని వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు.

ప్రశ్నించడం నేర్పితే ఆ పిల్లలు మొట్టమొదట ప్రశ్నించేది కాలేజీనే. ఫలితాలొచ్చిన సాయంత్రానికి రాజోలు నుంచి భీమవరం దాకా కరెంటు స్తంభం ఖాళీ ఉండదు. ఒకే పిల్ల నవ్వుతూ రెండు కాలేజీల ఫ్లెక్సీల్లో కనిపిస్తుంది. పెద్దక్షరాల్లో ర్యాంకు ఉంటుంది. పరీక్ష రాసిందెంతమంది, తప్పిందెంతమంది అన్నది ఏ మూలా ఉండదు. కోచింగ్ సంస్థలు విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదని, ఆ విద్యార్థి ఏ కోర్సు చదివాడో చెప్పాలని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. గేటు దగ్గర పిల్లల ఫోన్లు లాక్కుంటూ అదే గేటు మీద ఇలాంటి ఫ్లెక్సీ కట్టుకున్నవాళ్లా విచక్షణ నేర్పేది? ఫోన్‌లో అబద్ధం ప్రమాదమైతే ఫ్లెక్సీ మీద అబద్ధం ఏమవుతుంది?

కేరళలో కన్నూరు జిల్లా యంత్రాంగం 2018లోనే ప్రభుత్వ బడుల్లో నకిలీ వార్తల మీద పాఠాలు చెప్పించింది. వాట్సాప్ పుకార్లు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపిన ఏడాది అది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతూనే ఉంది. మన ఇంటర్ బోర్డుకి ఇంకేం కావాలి? వారానికి ఒక్క పీరియడ్. వీడియో ఎక్కడిది, ఎప్పటిది, దాన్ని నమ్మితే ఎవరికి లాభం? దినపత్రికలు కూడా తెచ్చి బల్ల మీద పరచండి, మా పత్రికతో సహా. డబ్బు తీసుకుని వార్తలు రాయడం మీద ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇవ్వాల్సి వచ్చిన వృత్తి మాది. మమ్మల్నీ ప్రశ్నించనివ్వండి.

కానీ ముందు మీ ఫ్లెక్సీతో మొదలుపెట్టండి. 'సార్, మొత్తం ఎంతమంది రాశారు?' అని అడిగిన కుర్రాణ్ని క్లాసు బయట నిలబెట్టే యాజమాన్యాలు, సోషల్ మీడియా దుష్ప్రభావాల మీద సదస్సు పెట్టి, శాలువాలు కప్పి, కవరేజీకి రమ్మని మా విలేకరులకి ఫోన్లు చేయొద్దు.