రెండు పాదాల సవ్యసాచి: శాంటి కజోర్లాను గాయంతో కాదు, ఆటతో కొలవాలి

స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ శాంటి కజోర్లా పేరు వినగానే ఫుట్‌బాల్ చూసేవాళ్లలో చాలామందికి ముందు ఒక ఫొటో గుర్తొస్తుంది. కుడి చీలమండ మీద అతుకు వేసిన చర్మం, ఆ చర్మం మీద మధ్యలో తెగిపోయిన పచ్చబొట్టు అక్షరాలు. ఆ పచ్చబొట్టు అతని కూతురి పేరు. పాప పేరు ఇండియా. ఎడమ ముంజేతి మీద ఉన్న ఆ పేరులోంచి కొంత చర్మం తీసి డాక్టర్లు కాలికి అతికించారు. అందుకే ఆ పేరు ఇప్పుడు సగం చేతి మీద, సగం కాలి మీద ఉంది. మన దేశం పేరే కాబట్టి మనకు ఆ ఫొటో ఇంకాస్త దగ్గరగా అనిపించడం సహజం.

కానీ ఆ ఫొటో కజోర్లాకు అన్యాయం చేసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇరవై ఏళ్ల ఆట పక్కకు పోయి, ఒక గాయం, దాన్ని జయించిన మొండితనం మాత్రమే మిగిలాయి. 'పాపం, ఎంత కష్టపడి తిరిగొచ్చాడో' అంటారు. కష్టపడ్డాడు, నిజమే. అంతే కష్టపడి కూడా తిరిగి రాలేకపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. అతను రాగలగడానికి అసలు కారణం అతని ఆటలోనే ఉందని నా వాదన.

రెండు చేతులతోనూ బాణం వేయగలడు కాబట్టి అర్జునుణ్ణి సవ్యసాచి అన్నారు. కజోర్లా పాదాల సవ్యసాచి. ఎడమ వైపు కార్నర్ ఒక కాలితో, కుడి వైపు కార్నర్ ఇంకో కాలితో కొట్టేవాడు. ఫ్రీ కిక్ దగ్గర నిలబడితే ఏ కాలితో కొడతాడో చివరి అడుగు దాకా తెలిసేది కాదు. చూడ్డానికి గమ్మత్తుగా ఉంటుంది గానీ, మైదానం మధ్యలో దీని విలువ చాలా ఎక్కువ. మైదానం మధ్యలో ఆడే మామూలు మిడ్‌ఫీల్డర్ మీదకు డిఫెండర్ వచ్చేటప్పుడు అతని బలమైన కాలి వైపు దారి మూసేస్తాడు. సగం పని అక్కడే అయిపోతుంది. కజోర్లా దగ్గర ఏ వైపు మూయాలి? ఎటు మూసినా రెండో వైపు తెరిచే ఉంటుంది. బంతిని మంచి కాలి మీదకు మార్చుకోవడానికి మిగతావాళ్లకు పట్టే ఆ అరక్షణం అతనికి అక్కర్లేదు. ఐదున్నర అడుగుల మనిషి, పరుగులో పెద్ద వేగం లేనివాడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ లాంటి చోట బతికింది ఆ అరక్షణం మీదే.

1984లో స్పెయిన్ ఉత్తరాన అస్టూరియాస్‌లోని లియానేరాలో పుట్టాడు. పక్కనే ఉన్న రియల్ ఒవియెడో క్లబ్‌లో పెరిగాడు. 2003లో ఆ క్లబ్ అప్పుల్లో కూరుకుపోయి ఒకేసారి రెండు మెట్లు జారి నాలుగో డివిజన్‌కు పడిపోయింది. పద్దెనిమిదేళ్ల కజోర్లా సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే విల్లారియల్‌కు వెళ్లిపోయాడు. మధ్యలో ఒక సీజన్ రెక్రియాటివోకు ఆడి వచ్చాక 2007-08లో విల్లారియల్ స్పెయిన్ అగ్ర లీగ్ అయిన లా లిగాలో రెండో స్థానం దక్కించుకుంది. ఆ వేసవిలోనే స్పెయిన్ జట్టులోకి పిలుపు వచ్చింది. యూరప్ దేశాల కప్ యూరో 2008 క్వార్టర్ ఫైనల్లో ఇటలీతో షూటౌట్ జరిగినప్పుడు స్పెయిన్ రెండో పెనాల్టీ కొట్టింది, జాతీయ జట్టులోకి వచ్చి నెల కూడా నిండని ఈ కుర్రాడే. అది గోల్ అయింది, స్పెయిన్ గెలిచింది, చివరికి కప్పూ తెచ్చుకుంది.

2010 ప్రపంచకప్ గాయంతో పోయింది. 2012 యూరో జట్టులో మళ్లీ ఉన్నాడు. స్పెయిన్ తరఫున మొత్తం 81 మ్యాచ్‌లు, 15 గోల్స్. అయినా స్పెయిన్ స్వర్ణయుగం గురించి రాసేవాళ్లు చావి, ఇనియెస్టా, బుస్కెట్స్, చావి అలోన్సో, డేవిడ్ సిల్వా దగ్గరే ఆగిపోతారు. వాళ్లందరూ ఒకే కాలంలో ఉండగా కజోర్లాకు ఆ పదకొండు మందిలో స్థిరమైన చోటు దొరకడం కష్టమే. దాన్ని కాదనను. కానీ వేరే ఏ దేశంలో పుట్టినా పదేళ్లు జట్టు అతని చుట్టూ తిరిగేదని నమ్ముతాను.

విల్లారియల్ తర్వాత స్పెయిన్ క్లబ్ మలాగాలో ఒక్క సీజనే ఉన్నాడు. ఆ ఏడాది క్లబ్ నాలుగో స్థానంలో నిలిచి మొదటిసారి యూరప్ మేటి క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్ దారి పట్టింది. వెంటనే డబ్బు ఇబ్బందులు రావడంతో అతన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. 2012 ఆగస్టులో లండన్ క్లబ్ ఆర్సెనల్‌కు చేరాడు. తొలి సీజన్లోనే లీగ్‌లో 12 గోల్స్ కొట్టాడు. 2014 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో హల్ సిటీ పది నిమిషాల్లోపే రెండు గోల్స్ కొట్టినప్పుడు, తొమ్మిదేళ్లుగా ట్రోఫీ లేని ఆర్సెనల్ అభిమానుల టెన్షన్ అంతా ఇంతా కాదు. పదిహేడో నిమిషంలో దూరం నుంచి కజోర్లా కొట్టిన ఫ్రీ కిక్ వలలో పడ్డాకే ఊపిరి ఆడింది. చివరికి 3-2తో గెలిచారు.

నా దృష్టిలో అతని గొప్ప మ్యాచ్ మాత్రం ఆ ఫైనల్ కాదు. 2015 జనవరి 18న మాంచెస్టర్ సిటీ మైదానంలో ఆర్సెనల్ 2-0తో గెలిచిన ఆట. పెనాల్టీ అతనే కొట్టాడు, సహచరుడు జిరూ తలతో కొట్టిన రెండో గోల్‌కు ఫ్రీ కిక్ అతనే ఇచ్చాడు. అంతకంటే ముఖ్యమైనది అతను నిలబడిన చోటు. అప్పటిదాకా గోల్‌కు దగ్గరగా ఆడే ఆటగాడు ఇప్పుడు డిఫెన్స్‌కు దగ్గరగా ఆడే కొక్లాన్ పక్కన, వెనక్కి వచ్చి ఆడుతున్నాడు. సిటీ వాళ్లు ఇద్దరు ముగ్గురు మీద పడుతున్నా బంతిని కాలి కింద తిప్పి, రెండో వైపు నుంచి బయటపడి, పాస్ ఇచ్చేస్తున్నాడు. మళ్లీ తిరిగి తీసుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల వయసులో కొత్త పని నేర్చుకుని, కొద్ది నెలల్లో ఆ పనిలో లీగ్‌లోనే మేటి అయ్యాడు.

2016 అక్టోబర్ 19 రాత్రి, మనకు అర్ధరాత్రి దాటాక, బల్గేరియా క్లబ్ లుడోగొరెట్స్ మీద ఆర్సెనల్ 6-0తో గెలిచింది. ఓజిల్ హ్యాట్రిక్ కొట్టాడు కాబట్టి అందరికీ అదే గుర్తు. రెండో సగంలో కజోర్లా నొప్పితో బయటికి వెళ్లాడు. ఆర్సెనల్‌కు మళ్లీ ఆడలేదు. ఆపరేషన్ తర్వాత కుట్లు మానలేదు. మళ్లీ మళ్లీ కోశారు. ఇన్‌ఫెక్షన్ గాంగ్రీన్ దాకా వెళ్లింది. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ ఎనిమిది సెంటీమీటర్ల మేర తినేసుకుపోయింది. తోటలో కొడుకుతో కలిసి నడవగలిగితే అదే చాలనుకోమని డాక్టర్లు చెప్పారట. స్పెయిన్‌లోని విటోరియాలో డాక్టర్ మికెల్ శాంచెజ్ ఆ టెండన్‌ను మళ్లీ కట్టారు, ముంజేతి చర్మంతో పైన మూశారు.

ఆర్సెనల్‌కు ఆడిన ఆ చివరి ఆట తర్వాత 636 రోజులకు, 2018 జూలైలో విల్లారియల్ తరఫున ఒక ఫ్రెండ్లీ మ్యాచ్‌లో మైదానంలోకి దిగాడు. చాలామంది దాన్ని గౌరవంగా ఇచ్చిన వీడ్కోలు అవకాశం లాగా చూశారు. 2019 జనవరిలో రియల్ మాడ్రిడ్ మీద రెండు గోల్స్ కొట్టి 2-2తో డ్రా చేయించేదాకా ఆ చూపు మారలేదు. ఆ జూన్‌లో మూడున్నరేళ్ల తర్వాత మళ్లీ స్పెయిన్ చొక్కా వేసుకున్నాడు. 2019-20 సీజన్లో లీగ్‌లో 11 గోల్స్. అప్పటికి వయసు ముప్పై ఐదు.

వేగం మీద బతికే వింగర్‌కు టెండన్ పోతే ఆటే పోతుంది. కజోర్లా ఆట మొదటినుంచీ బంతి రాకముందే చుట్టూ చూసుకోవడం, మొదటి తాకుడులోనే బంతిని ఖాళీ వైపు తిప్పడం, పాస్‌కు ఎంత బలం కావాలో అంతే ఇవ్వడం మీద నడిచింది. గాయం వాటిని ముట్టుకోలేదు. ఒక కాలు బలహీనపడితే రెండో కాలు సగం ఆటగాడిది కాదు, పూర్తి ఆటగాడిదే. మొండితనం అతన్ని ఆపరేషన్ టేబుళ్లు దాటించింది, అది ఒప్పుకోవాల్సిందే. మాడ్రిడ్ మీద ఆ రెండు గోల్స్ మాత్రం చిన్నప్పుడు ఒవియెడోలో నేర్చుకున్న ఆటే కొట్టించింది.

ఆ ఒవియెడో గురించి ఇంకొంచెం చెప్పాలి. 2012లో క్లబ్ మూతపడే పరిస్థితి వస్తే 10.75 యూరోల చొప్పున షేర్లు అమ్మకానికి పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది కొన్నారు. అక్కడే పెరిగిన ఆటగాళ్లు మాటా, మిచూతో పాటు కజోర్లా కూడా కొన్నాడు. ఖతార్‌లో అల్ సద్‌కు మూడేళ్లు ఆడాక, 2023 ఆగస్టులో అదే క్లబ్‌లో చేరాడు. రూల్స్ ఒప్పుకున్న కనీస జీతానికే ఒప్పందం చేసుకున్నాడు. తన పేరు మీద అమ్మే చొక్కాల డబ్బులో పది శాతం పిల్లల అకాడమీకి వెళ్లాలని షరతు పెట్టాడు. మొదటి సీజన్ చివర, లా లిగాకు చేర్చే ప్లేఆఫ్ ఫైనల్లో ఎస్పాన్యోల్ చేతిలో ఓడిపోయారు.

2025 జూన్ 21న మళ్లీ ప్లేఆఫ్ ఫైనల్. మిరాండెస్‌తో తొలి మ్యాచ్ 0-1తో ఓడి, సొంత మైదానం కార్లోస్ టార్టియెరేలో కూడా ముందు గోల్ ఇచ్చేశారు. రెండు మ్యాచ్‌లు కలిపి రెండు గోల్స్ వెనక. అప్పుడు పెనాల్టీ దొరికింది. బంతి తెచ్చి చుక్క మీద పెట్టుకున్నది నలభై ఏళ్ల కజోర్లా. గోల్. తర్వాత చైరా ఒకటి, ఎక్స్‌ట్రా టైమ్‌లో పోర్టియో ఒకటి కొట్టడంతో 3-1. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఒవియెడో లా లిగాకు చేరింది. కొద్ది వారాల్లోనే కజోర్లా ఇంకో ఏడాదికి సంతకం పెట్టాడు.