చేతివాటం కూడా చేతిపనే

ఆన్‌లైన్లో చేతిపనులు అమ్మే బజార్ల మీద ఈ మధ్య నిందలు ఎక్కువయ్యాయి. ఫ్యాక్టరీలో వేల లెక్కన దిగిన సరుకు తెచ్చి, పేరు మార్చి, 'హ్యాండ్‌మేడ్' అని అమ్మేస్తున్నారట. ఇది తొందరపాటు మాట. హ్యాండ్‌మేడ్ అంటే చేత్తో చేసిందనే కదా అర్థం. ఎవరి చేత్తో, ఏం చేశారు అన్నది ఆ మాటలో ఎక్కడా లేదు. లేనిది మనమే ఊహించుకుని, ఆనక మోసపోయామని గోల చెయ్యడం ఏం మర్యాద?

అసలు ఆ అమ్మకందారు చేతికి ఎంత పనో ఎవరైనా చూశారా? ముందు హోల్‌సేల్ సైట్లన్నీ గాలించి సరుకు పట్టుకోవాలి. ఫొటో దించుకోవాలి. మూలన ఉన్న ఫ్యాక్టరీ ముద్ర చెరిపెయ్యాలి. చెరిపిన చోట మరక కనబడకుండా ఒక ఎండుటాకు అతికించాలి. ఆపైన నామకరణం. హోల్‌సేల్ సైట్లో దాని పేరు 'సిరామిక్ కప్పు, తెలుపు, కనీస ఆర్డరు 500 పీసులు'. ఇక్కడికి వచ్చేసరికి అది 'మౌనం: తొలిమంచు వేళ మా చిన్న స్టూడియోలో ప్రాణం పోసుకున్న కప్పు'. ఈ రెంటి మధ్య దూరం దాటించినవాణ్ణి కళాకారుడు కాదనడానికి మనకు నోరెలా వస్తుంది? చాలామంది కుమ్మరులు మట్టితో మాత్రమే పని చేస్తారు. ఈయన శూన్యంతో పని చేస్తాడు.

డ్రాప్‌షిప్పింగ్ వాళ్ల సంగతి మరీ అన్యాయం. సరుకు గోదాములో బయల్దేరి నేరుగా మన ఇంటికొస్తుంది, అమ్మినవాడు దాన్ని కంటితో కూడా చూడడు. దీన్ని పట్టుకుని 'వాడసలు చెయ్యే పెట్టలేదు' అని ఎత్తిపొడుపులు. చేతికి మట్టంటకుండా కుండ చెయ్యడం కంటే మించిన పనితనం ఉందా? తెలుగు ఈ విషయంలో ఉదారమైన భాష. చేతిపని పక్కనే చేతివాటం అన్న మాటకూ చోటిచ్చింది. దేనికైనా చెయ్యి తిరగాలి, దేనికైనా సాధన కావాలి.

ఈ రంగం ఇంతగా వికసించడానికి కారణమైన పెద్దలను తలుచుకోకపోతే పాపం. 2005లో న్యూయార్క్ బ్రూక్లిన్లో చేతిపనులు అమ్మే ఆన్‌లైన్ బజారు ఎట్సీ పుట్టినప్పుడు, పాపం వాళ్లకు లోకజ్ఞానం తక్కువ. చేతిపని అంటే అమ్మేవాడు తనే చెయ్యాలనుకునేవారు. తన చేతివి కాకుండా అమ్మదలిస్తే ముడిసరుకులుండాలి, లేదా కనీసం 20 ఏళ్లు దాటిన పాత వస్తువులుండాలి. (ఈ 20 ఏళ్ల నిబంధన మా రీసెల్లర్లకు, అంటే బయటి సరుకు కొని మళ్లీ అమ్మేవాళ్లకు, ఆశాజనకం. ఇవాళ దిగిన సరుకు కాస్త ఓపిగ్గా అమ్ముడుపోకుండా ఉంటే చాలు, నిజాయితీ దానంతటదే వచ్చేస్తుంది.) 2013 అక్టోబరులో నియమాలు సడలించారు. డిజైను మీదైతే, ఎవరి చేత చేయిస్తున్నారో చెప్పి ఒప్పించుకుంటే, బయటి తయారీదారుతో చేయించుకోవచ్చన్నారు. పెరిగిన దుకాణానికి రెండు చేతులే చాలవు కదా, సమంజసమే. కానీ తలుపు ఒక వేలెడు తీస్తే ఎవరెవరు దూరతారో తలుపు తీసినవాడికి తెలియదు, దూరేవాడికి తెలుస్తుంది. 2015 ఏప్రిల్లో కంపెనీ షేరు మార్కెట్‌కెక్కింది. అదే ఏడు అక్టోబరులో అమెజాన్ కూడా హ్యాండ్‌మేడ్ పేరుతో ఒక విభాగం తెరిచింది. గోదాములకు పేరుమోసిన చోట చేతిపనికి ఒక గది!

అప్పటినుంచీ అందరూ అమాయకంగా అడిగే ప్రశ్న ఒకటుంది: బయటి సరుకును చేతిపనిగా అమ్మకూడదని నియమముండగా ఎందుకు ఆపరు? ఆపుతూనే ఉంటారు. ఒక దుకాణం మూస్తే రెండో పేరుతో రేపు తెరుచుకుంటుంది. పైగా ప్రతి అమ్మకం మీదా సైటుకొచ్చే కమిషన్‌కి కళ్లుండవు. నెలరోజులు అల్లిన శాలువా మీదా శాతమే, నిమిషానికి వంద దిగే శాలువా మీదా అదే శాతం. కాకపోతే మొదటిది నెలకొకటి అమ్ముడవుతుంది. 2022 ఏప్రిల్ 11న ఎట్సీ ఈ శాతాన్ని 5 నుంచి 6.5కి పెంచితే, అమ్మకందారులు వేలమంది వారంపాటు దుకాణాలు కట్టేసి సమ్మె చేశారు. వాళ్ల కోరికల్లో రీసెల్లర్లను అదుపు చెయ్యాలన్నదీ ఒకటి. తమ చేత్తో చేసేవాళ్లు సమ్మె చేసిన ఆ వారం, ఏమీ చెయ్యకుండానే అమ్మేవాళ్లకు పోటీ ఎంత తగ్గిందో ఎవరికివారు లెక్కేసుకోవచ్చు.

2024లో ఎట్సీ వాళ్లు ఇంకో మెట్టెక్కారు. ప్రతి వస్తువుకీ ఒక చీటీ: ఇది అమ్మేవారు చేసింది, ఇది డిజైన్ చేసింది, ఇది ఏరి తెచ్చింది, ఇది సేకరించింది. ఏరి తెచ్చింది అంటే పాతకాలపు వస్తువుల్లాంటివీ, సేకరించింది అంటే ముడిసరుకుల్లాంటివీ అని వాళ్ల భావం. ఏఐతో పుట్టించిన బొమ్మ 'డిజైన్ చేసింది' కిందికి వస్తుంది. నాకు మాత్రం 'ఏరి తెచ్చింది' అన్న మాట మీద మనసు పడిపోయింది. ఇంగ్లిషులో అది 'హ్యాండ్‌పిక్డ్', అందులోనూ చెయ్యి ఉంది. కేటలాగులో 48వ పేజీలో మూడో వరసలో ఉన్నదాన్ని వేలు పెట్టి చూపించినవాడు ఏరలేదా మరి?

అందరూ ఇంత ఉదారంగా లేరు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల వ్యాపారులకు రాసిన మార్గదర్శకాలు చూడండి. ముడిసరుకు నుంచి మొదలుపెట్టి రూపు కట్టడం, మెరుగు పెట్టడం, అలంకరించడం అన్నీ చేతిశ్రమతోనో, చేత్తో నడిపే పద్ధతులతోనో జరిగితే తప్ప ఆ నగను హ్యాండ్‌మేడ్ అనకూడదట. ఇంత కర్కశంగా మాట్లాడితే ఇక ఎవడు బతుకుతాడు?

ఇక నా అనుభవం. ఒక చేతిపనుల సైట్లో, పేరెందుకులెండి, ఒక కప్పు కొన్నాను. తెల్లటిది, ఒక పక్క చిన్న నొక్కు. 'మట్టి పచ్చిగా ఉన్నప్పుడు నా బొటనవేలు ఆనించిన చోటు ఇది, మీ బొటనవేలు కూడా అక్కడే ఆనించండి, మనం కలుసుకున్నట్టే' అని రాసింది దుకాణంలో. రాసిన అమ్మాయి సముద్రం ఒడ్డున ఒంటరిగా ఉంటుందట. నేను కరిగిపోయాను. పక్కన 'ఇంకా 914 ఉన్నాయి' అని ఉంటే, ఎంత కష్టజీవో అనుకున్నాను.

వారం తరవాత మా మిత్రుడొకడు వచ్చి, బల్ల మీద దాన్ని చూసి, 'ఒరేయ్, ఇది మా ఇంట్లోనూ ఉంది' అన్నాడు. వాడు కొన్నది వేరే దుకాణంలో, కొండల్లో ఉండే ఒక తెల్లగడ్డం తాత దగ్గర. తెప్పించి పక్కపక్కన పెట్టాం. నొక్కు అదే ఎత్తులో, అదే వాలులో, అదే లోతులో ఉంది. స్కేలు పెట్టి కొలిచాం. సముద్రపు అమ్మాయిదీ కొండ తాతదీ ఒకటే బొటనవేలు! పిడి వెంట పైనుంచి కిందికి వెంట్రుకంత సన్నటి గీత కూడా రెంటికీ ఉంది. పోత పోసే అచ్చులోని రెండు సగాలు కలిసే చోట పడే గీత అది. మా మిత్రుడు మూర్ఖుడు, వెంటనే మోసం అనేశాడు. నేను మాత్రం, విడిపోయిన తాతా మనవరాళ్లయి ఉంటారురా అన్నాను.

అయినా ధర్మసందేహం తీరక అమ్మాయికి మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: 'క్షమించండి! ఇవి చేత్తో చేసినవి కాబట్టి ఒకదానికీ ఇంకోదానికీ చిన్న చిన్న తేడాలు సహజం.' తేడా లేదన్నదే నా ఫిర్యాదని మళ్లీ రాశాను. దానికీ అదే జవాబు, అచ్చు గుద్దినట్టు.

ఇదంతా చెబితే, నిజంగా మట్టి పిసికే ఒకావిడ నవ్వలేదు. ఆవిడ డిజైను ఒకటి ఎవరో ఫొటో చూసి అచ్చు పోయించారట. అది చవగ్గా పాతిక దుకాణాల్లోకి ఎక్కింది. ఇప్పుడు కొనేవాళ్లు ఆవిడకే రాస్తున్నారు, వాళ్లది కాపీ కొట్టి మూడింతల ధర పెట్టారేమిటని. కప్పు చేసే వీడియో పెడితే, అదీ ఎత్తుకుపోయి తమ దుకాణంలో పెట్టుకున్నారు. వీడియోలో కనబడేవి ఆవిడ చేతులే. నా వాదన కొంచెం ఇక్కడ తడబడిన మాట ఒప్పుకుంటున్నాను. ఆవిడ కప్పు నేనెందుకు కొనలేదో కూడా అడిగింది. ధర ఎక్కువనీ, రావడానికి ఇరవై రోజులు పడుతుందనీ, రివ్యూలు తొమ్మిదే ఉన్నాయనీ చెప్పలేక మాట మార్చాను.

రెండు కప్పులూ ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నాయి, కలాలు పెట్టుకుంటున్నాను. మొన్న తుడుస్తూ బోర్లించి చూస్తే, అడుగున గుండ్రంగా జిగురు మరక. ఫ్యాక్టరీ స్టిక్కరును ఎవరో గోటితో గీకి తీశారు. ఒకదాని మీద గీతలు పొడుగ్గా, నిదానంగా ఉన్నాయి. రెండోదాని మీద పొట్టిగా, అడ్డదిడ్డంగా, విసుగ్గా ఉన్నాయి. ఎంతసేపు పోల్చి చూసినా ఒక్క గీతా కలవలేదు.