చలి అమ్మబడును, చాక్లెట్ ఉచితం

మాల్దీవులకు చాక్లెట్లు దిగుమతి చేసి నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకునే ఔత్సాహికులకు ముందుగా అభినందనలు. 2022 జనగణన ప్రకారం అక్కడి జనాభా, విదేశీ కార్మికులతో కలిపి, 5,15,132. ఇక 20 అడుగుల రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే) కంటైనర్‌లో మామూలు సైజు అట్టపెట్టెలు వెయ్యి దాకా పడతాయి. డబ్బాకి 24 బార్లు, పెట్టెకి 12 డబ్బాలు వేసుకుంటే 2,88,000 బార్లు. చంటిపిల్లల్నీ షుగరు పేషెంట్లనీ కలుపుకున్నా, దేశంలో ప్రతి ఇద్దరిలో ఒకరు మీ బార్ కొనాలి. సగం కంటైనరే పంపమని ఫ్యాక్టరీని అడిగి చూడండి. మర్యాదగానే నవ్వుతారు.

పంది మాంసం ఉత్పత్తులకీ, మద్యానికీ ప్రత్యేక అనుమతి లేనిదే ఆ దేశంలో ప్రవేశం లేదు. అందుకని జెలటిన్ (జంతువుల నుంచి తీసే జిగురు పదార్థం) ఏ జంతువుదో, చాక్లెట్ లోపల రమ్ ఉందో లేదో ఆర్డరుకి ముందే చూసుకోవాలి. రాజధాని మాలే రేవులో చూసుకుంటే దాన్ని తనిఖీ అనరు, పోస్టుమార్టం అంటారు.

అసలు సరుకు చలి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మాలేలో మధ్యాహ్నం 30 దాటుతుంది. గోదాములో 16-18 డిగ్రీలు నిలపాలి, ఏసీకి జనరేటర్ తోడు ఉండాలి. కరెంటు పోయి చాక్లెట్ మెత్తబడి మళ్లీ గట్టిపడితే కొవ్వు పైకి తేలి తెల్లబడుతుంది. చల్లటి పెట్టెని ఉక్కపోతలో విప్పినా తెల్లబడుతుంది, ఈసారి గాలిలోని తేమ దానిపై నీరుగా చేరి పంచదారను కరిగించి, ఆరాక గరుకు పొర మిగల్చడం వల్ల. వేలితో రుద్దండి: నున్నగా కరిగితే కొవ్వు, గరగరలాడితే పంచదార. కొనేవాడికి మాత్రం రెండూ బూజే. పెట్టెని విప్పకుండా ఒక రోజు మధ్యస్థంగా చల్లగా ఉండే గదిలో ఉంచితే రెండో ముప్పు తప్పుతుంది. ఆ గదికి అద్దె మాలే ధరల్లో ఉంటుంది.

తర్వాత ధోనీ. క్రికెటర్ కాదు, పడవ. మాలే నుంచి దక్షిణ కొసనున్న అడ్డూ దీవులు 500 కిలోమీటర్ల పైమాటే, నైరుతి రుతుపవనాల్లో ప్రయాణం సముద్రం దయ. డెక్కు మీద మీ బార్ల పక్కన ఉల్లిపాయ బస్తాలు ఉంటాయి. చాక్లెట్ ఎవరి వాసననైనా ఇట్టే పట్టుకుంటుంది, కాబట్టి ద్వీపవాసులకు ఉల్లి రుచి ఉచితం. (తెలివైనవాళ్లు అక్కడికి లాలీపాప్‌లు, వేఫర్లు, వనస్పతి కొవ్వుతో చేసిన 'చాక్లెట్ రుచి' బార్లు పంపుతారు. ఆ 'రుచి' అన్న మాటను లేబుల్‌పై వీలైనంత చిన్నగా అచ్చు వేస్తారు.)

డబ్బు సంగతి తేలిక. ఫ్యాక్టరీకి డాలర్లు ముందే కట్టాలి. అధికారిక రేటు డాలరుకు 15.42 రుఫియా (అక్కడి కరెన్సీ), కానీ ఆ రేటుకి బ్యాంకు ఇచ్చినన్నే మీవి. మిగతావి బయట, బయటి ధరకే. దుకాణదారు మాత్రం రుఫియాల్లో, 60 రోజుల అరువు మీద చెల్లిస్తాడు, అమ్ముడుపోనిది వెనక్కి ఇస్తాడు.

చాక్లెట్‌కున్న పన్నెండు నెలల నిల్వ గడువులో ఫ్యాక్టరీ, ఓడ, కస్టమ్స్, గోదాము నాలుగైదు నెలలు తినేస్తాయి. చివరి ఆరు వారాల్లో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' బోర్డు పెడతారు. ఊరంతా ఇన్నాళ్లూ ఆ బోర్డు కోసమే ఆగిందని అప్పుడు తెలుస్తుంది.