మా సైకాలజీ ల్యాబు అద్దం గారికి

గౌరవనీయులైన మిర్రర్ డ్రాయింగ్ పరికరం గారికి,
రెండో బీరువా, కింది అర, సైకాలజీ ప్రయోగశాల.

వందనములు. మన ప్రాంగణంలో నమస్కారం కంటే ఈ మాటకే త్వరగా జవాబు వస్తుంది గనుక ఇలా మొదలుపెడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం రెండు గంటల నుంచి అయిదింటి వరకు తమ సన్నిధిలో గడిపిన బి.ఏ. మూడో సంవత్సరం విద్యార్థినిని. మొదటి గంట బీరువా తాళం కోసమే పోయింది. తాళం అటెండరు గారి జేబులో ఉంది, అటెండరు గారు సెమీ క్రిస్మస్ పందిరికి సీరియల్ బల్బులు కడుతూ నిచ్చెన మీద ఉన్నారు. అందుకు నేనెవరినీ తప్పుపట్టను. పందిరి ఏడాదికి ఒక్కసారే వేస్తారు, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు వస్తాయి.

తాళం వచ్చాక తమ నీలిరంగు ముసుగు తీశాం. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తున్నదని నా మొదటి సంవత్సరంలో కుట్టించిన ముసుగు అది. తప్పులు లెక్కపెట్టే తమ మీటరును కూడా అప్పుడే బాగుచేయిస్తామని మాట ఇచ్చారు. ముసుగు మాత్రం చక్కగా కుదిరింది.

నిన్న ఉదయం చాపెల్‌లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం చదివారు. ఇప్పుడు అద్దంలో చూసినట్టు చూస్తున్నామని, ఆ తర్వాత ముఖాముఖిగా చూస్తామని పౌలు అక్కడ చెప్పిన మాట వినగానే నాకు తమరే తలపునకు వచ్చారు. చేతిని నేరుగా చూడనివ్వకుండా అడ్డంగా ఒక పలక, ఎదురుగా అద్దం, అద్దంలో తలకిందులైన నక్షత్రం, ఆ నక్షత్రపు అంచులు తాకకుండా స్టైలస్ అనే పుల్లను నడపాలి. ఎడమ చేత్తో ఒకసారి, కుడి చేత్తో పదిసార్లు, మళ్ళీ ఎడమ చేత్తో ఒకసారి. కుడి చేతి అభ్యాసం ఎడమ చేతికి కూడా కొంత అబ్బిందని తేలితే దానిని బైలేటరల్ ట్రాన్స్‌ఫర్ అంటారు. తేలకపోతే ఏమంటారో ఈ మూడేళ్ళలో మాకు చెప్పలేదు, ఎందుకంటే మన కాలేజీలో అది తేలకపోవడమన్నది ఇంతవరకు జరగలేదు.

నిన్న జరిగింది. ఎగ్ పఫ్ ఆశ చూపి తెచ్చుకున్న కామర్స్ మొదటి సంవత్సరం అబ్బాయి నా సబ్జెక్టు, అంటే ప్రయోగంలో పాల్గొనే మనిషి. (నా మనసులో ఏముందో చెప్పక్కా అని అతనూ అడిగాడు. ఎగ్ పఫ్ అని చెప్పాను, సరిగ్గానే చెప్పాను.) మొదట ఎడమ చేతికి 3 నిమిషాల 10 సెకన్లు పట్టింది, 27 తప్పులు. తమ మీటరు ఒక్కో తాకుడుకు రెండేసి అంకెలు దూకుతూ, ఆ తర్వాత 40 దగ్గర నిద్రపోయింది గనుక నేనే కళ్ళతో చూస్తూ గీతలు పెట్టుకున్నాను. పక్క హాలులో కేరల్స్ సాధన మొదలైంది, డోలక్ మా కిటికీకి ఆనుకునే ఉంది. చివరిసారి ఎడమ చేతికి 3 నిమిషాల 40 సెకన్లు, 34 తప్పులు. నేర్చుకోవలసిన చేయి ఉన్నదీ మరిచిపోయింది.

ఉన్నది ఉన్నట్టుగా రాసుకుని మేడమ్ గారికి చూపించాను. "ఇలా రాస్తే బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఊరుకోరమ్మా. సీనియర్ల రికార్డు చూసి విలువలు సరిచేసుకో" అన్నారు.

విలువలు అనే మాటకు మన కాలేజీలో రెండర్థాలున్నాయని నాకు నిన్ననే తెలిసింది. సోమవారం మోరల్ క్లాసులోని విలువలు ఎవరికోసమూ మారకూడదు. ప్రయోగశాలలోని విలువలు ఎక్స్‌టర్నల్ గారి కోసం మారాలి. ఉదయం అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ, మధ్యాహ్నం అదే సాక్ష్యాన్ని గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో నునుపుగా గీసి సంతకానికి పెట్టమన్న ఆజ్ఞ. సీనియర్ల రికార్డులోని సబ్జెక్టు వయసు 19. వాళ్ళ సీనియర్ల రికార్డులోనూ అతని వయసు 19. మన ప్రాంగణంలో నిత్యజీవం పొందినవాడు నాకు తెలిసినంతవరకు అతనొక్కడే.

సైకాలజీ పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను పరిశోధకులు మళ్ళీ చేసి చూసి, 2015లో ఫలితాలు బయటపెట్టారు. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో గణాంకాల ప్రకారం ప్రాముఖ్యమున్న (కాకతాళీయం కాదనదగ్గ) ఫలితాలు ఉండగా, మళ్ళీ చేసినప్పుడు 36 శాతంలోనే వచ్చాయి. శాస్త్రం తలవంచుకుని ఆ లెక్కను తానే ప్రకటించింది. మన బీరువాలో మాత్రం నూటికి నూరూ సరిగ్గా వస్తున్నాయి. ఆకలితో ఉన్న పిల్లవాడు, చెవిలో డోలక్, పనిచేయని మీటరు: ఆ 34 తప్పుల్లో ఎంత సైకాలజీ ఉందో ఒక్కరైనా అడగవచ్చు కదా! ఎందుకు పెరిగాయో రాయి అంటే నాలుగు పేజీలు రాసేదాన్ని. ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. నీకు అద్దం ఉంది, నక్షత్రం ఉంది, ముసుగు ఉంది, ఒక్క తప్పును తప్పుగా లెక్కపెట్టే బుద్ధి లేదు. లెక్కపెట్టలేనప్పుడు ఇనప సామాను కొట్టుకు పోక ఇంకా ఆ అరలో ఎందుకున్నావు?

క్షమించండి, తమరు అనబోయాను.

మేడమ్ గారు ఫ్రాయిడ్ పాఠాన్ని కిటికీ వైపు చూస్తూ రెండు పీరియడ్లలో ముగించినా నేనేమీ అనలేదు. గుర్తుంచుకోవలసిన మాటలను ఒక్కొక్కటిగా చూపే మెమరీ డ్రమ్ము తిరగకపోతే అట్టముక్కలు చేత్తో తిప్పి పరీక్ష రాశాను. ఇది మాత్రం గొంతు దిగడం లేదు.

ఆ అబ్బాయి వెళ్ళిపోయాక, ల్యాబు మూసేలోగా, ఒక్కదాన్నే కూర్చుని ఎడమ చేత్తో తమ నక్షత్రం చుట్టివచ్చాను. 1953లో జరిగిన మెదడు శస్త్రచికిత్స తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని హెన్రీ మొలైసన్ చేత సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ మూడు రోజులు ఇలాంటి నక్షత్రమే గీయించారు. ఇంతకుముందు గీసినట్టు అతనికి గుర్తులేదు, చేతికి మాత్రం పని వచ్చేసింది. మొదటి సంవత్సరంలో నాకు 40కి పైగా తప్పులు వచ్చాయి. నిన్న 11. మీటరు 40 దగ్గరే ఉంది, స్టాప్‌వాచీ కూడా పెట్టుకోలేదు. రెండోసారి చుట్టాలని మనసైంది గానీ అటెండరు గారు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

ముసుగు నేనే కప్పాను.

ఇట్లు,
తమ ఎక్స్‌పెరిమెంటరు

తా.క.: ఎగ్ పఫ్ 20 రూపాయలు. చిరునామా బీరువాదే గనుక ఎవరికి బిల్లు పెట్టాలో తెలుపగలరు.