సవరణ: ఐఐటీలో డిజైన్ కోర్సుకు జేఈఈ అవసరం లేదు
ఇంటర్ తర్వాతి కోర్సుల గురించి ఇదివరకు రాసినప్పుడు, ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ చదవాలంటే ఎంపీసీ తీసుకుని జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలని పేర్కొన్నాను. అది పొరపాటు. ఆ నియమం అక్కడి కంప్యూటర్ సైన్స్ బీటెక్‌కు వర్తిస్తుంది. బీడిజైన్ సీట్లను మాత్రం ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్ష ర్యాంకుతో భర్తీ చేస్తారు. దీనికి బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ విద్యార్థులు కూడా అర్హులే. ప్రశ్నలకు కంప్యూటర్‌పై జవాబులివ్వడంతో పాటు కాగితంపై బొమ్మ కూడా గీయాలి కనుక, యాప్‌ల రూపకల్పన వైపు వెళ్లాలనుకునే వారికి కోడింగ్ కన్నా ముందు పెన్సిల్ అలవాటు కావడం మేలని నా అభిప్రాయం. యూసీడ్‌ను వరుసగా రెండేళ్లలో గరిష్ఠంగా 2 సార్లే రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)కి యూసీడ్ ర్యాంకు పనికిరాదు, దాని ప్రవేశ పరీక్ష వేరు.